డైకు రాయి ఏం చెబుతుంది, ఏం చెప్పదు

రావివలస పేరు చెప్పగానే శ్రీకాకుళం జిల్లావాళ్లకు ఎండల మల్లికార్జునస్వామి గుర్తొస్తాడు. పైకప్పు లేకుండా ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఉండే పెద్ద లింగం అక్కడిది. పక్కనే టెక్కలి. అక్కడి నుంచి పలాస దారి పడితే ఒక వైపు కొండలు, ఇంకో వైపు సముద్రం దాకా ఉద్దానం జీడి, కొబ్బరి తోటలు. కొండల వైపు నీలి గ్రానైట్ క్వారీలు. దేశవిదేశాలకు స్లాబులుగా వెళ్లే రాయి ఇక్కడిదే.

ఆ రాయి కోసిన ముఖం మీద నీళ్లు చల్లి చూడండి. నీలం కలిసిన బూడిదరంగు మీద ముదురు ఎరుపు గార్నెట్ గింజలు తేలతాయి. తెల్లటి, నల్లటి చారలు వంకర్లు తిరుగుతూ సాగుతాయి. తూర్పు కనుమల రాళ్లలో చాలాచోట్ల బెత్తెడు నుంచి బారెడు దాకా మందమున్న నల్లటి పట్టీలు కూడా కనిపిస్తాయి. కొన్ని తిన్నగా ఉంటాయి. కొన్ని సాగి, తెగి, ముక్కలు ముక్కలుగా వరసలో మిగిలి ఉంటాయి. ఆ పట్టీలు ఏమిటి? ఒకప్పుడు భూమి లోపలి నుంచి ఎగదన్నిన మాగ్మా పగుళ్లలో గడ్డకట్టి మిగిలిన డైకులా? అయితే ఆ పగుళ్లు ఎందుకు పడ్డాయి? ఖండం చీలినందుకా, భూమి పైపొరలోని రెండు పలకలు ఢీకొన్నందుకా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే దారుల్లో ముఖ్యమైనది రాతి రసాయనం. రాయిని పొడి చేసి అందులో ఏ మూలకం ఎంత ఉందో కొలిస్తే కోట్ల ఏళ్ల కిందటి భూమి పరిస్థితి తెలుస్తుందని చదువుతుంటాం. అది చాలావరకు నిజం. కానీ ఆ కొలతలు ఎంతవరకు చెబుతాయో, ఎక్కడ ఆగిపోతాయో తెలియకుండా వాటిని నమ్మితే చరిత్ర తలకిందులవుతుంది. మాగ్మా ఎక్కడ పుట్టిందో, దారిలో దేన్ని తాకిందో రసాయనం చెబుతుంది. అప్పుడు భూమి చీలుతోందా, ఢీకొంటోందా అన్నది మాత్రం దాని వయసును, దిశను, చుట్టూ ఉన్న రాతిని కలిపి చదివితేనే తేలుతుంది. తెలుగు నేల మీదే దీనికి మంచి ఉదాహరణలు ఉన్నాయి.

పగులులో గడ్డకట్టిన మాగ్మా

భూమి పైపొరను లోపలి నుంచి లాగే బలం ఎక్కువైనప్పుడు పగుళ్లు పడతాయి. దాని కింది పొర అయిన మాంటిల్‌లో కరిగిన మాగ్మా, సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ వేడితో, ఆ పగుళ్లను తెరుచుకుంటూ పైకి, పక్కలకు పాకుతుంది. అక్కడే చల్లారితే నిలువు గోడలాంటి రాయి మిగులుతుంది. పాత రాతిని అడ్డంగా కోసుకుంటూ పోయే ఈ గోడే డైకు. పాత పొరల మధ్య దూరి, వాటికి సమాంతరంగా పరుచుకుంటే దాన్ని సిల్ అంటారు. మన దగ్గర ఎక్కువ డైకులు డోలరైట్ రాయివి. ప్లేజియోక్లేస్, పైరాక్సిన్ అనే ఖనిజాలు ఇందులో ముఖ్యం. వ్యాపారంలో దీన్నే నల్ల గ్రానైట్ అంటారు.

రాయలసీమలో, తెలంగాణలో డైకును గుర్తుపట్టడం కష్టం కాదు. లేత రంగు గ్రానైట్ నేల మీద నల్లటి గుండ్రాళ్ల వరస మైళ్ల తరబడి తిన్నగా సాగుతుంది. కుప్పం నుంచి కరీంనగర్ దాకా ఇలాంటివి వందల్లో ఉన్నాయి. బావులు, బోర్లు వేసేవాళ్లకు కూడా ఇవి ముఖ్యమే. నేల లోపల నీటి పారుదలకు డైకు చాలాచోట్ల అడ్డుగోడగా నిలుస్తుంది.

డైకు అంచును దగ్గరగా చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. పాత రాతిని ఆనుకున్న చోట గింజలు కంటికి ఆననంత సన్నగా ఉంటాయి. నడిమికి వెళ్లేకొద్దీ ముతకబడతాయి. చల్లటి రాతికి తగిలిన మాగ్మా చటుక్కున గడ్డకట్టింది, నడుమ ఉన్నది నిదానంగా చల్లారింది. అంటే మాగ్మా వచ్చేనాటికి చుట్టూ ఉన్న రాయి చల్లబడి గట్టిపడి ఉంది. ప్రయోగశాలకు వెళ్లకుండానే తెలిసే చరిత్ర ఇది.

దిశ కూడా అంతే. పొర ఏ దిక్కుకు సాగుతోందో దానికి అడ్డంగా డైకులు పడతాయి. ఉత్తర దక్షిణాలుగా సాగే డైకు ఉందంటే, ఆ రోజున నేల తూర్పు పడమరలుగా సాగిందన్నమాట. ఒకే కాలంలో పడిన డైకులన్నీ ఒక గుంపు. ఆ గుంపు సమాంతరంగా ఉందా, విసనకర్రలా విచ్చుకుందా అన్నది పటం మీద గీస్తే తెలుస్తుంది.

మూలకాలు ఎలా విడిపోతాయి

మాంటిల్ ఎప్పుడూ పూర్తిగా కరగదు. నూటికి కొద్ది పాళ్లు మాత్రమే కరిగి మాగ్మా అవుతుంది. కాఫీ ఫిల్టర్‌లో మొదట దిగే కొద్దిపాటి డికాక్షన్ చిక్కగా ఉంటుంది. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే పలచనవుతుంది. మాంటిల్‌లో జరిగేదీ దాదాపు ఇదే. థోరియం, నియోబియం, లాంథనం లాంటి మూలకాలకు మాంటిల్ ఖనిజాల్లో సరైన చోటు దొరకదు. కరగడం మొదలవగానే అవి ముందుగా ద్రవంలోకి దిగిపోతాయి. కొద్దిగా కరిగితే వాటి సాంద్రత ఎక్కువ, బాగా కరిగితే తక్కువ. ఇదివరకే ఒకసారి కరిగి వాటిని పోగొట్టుకున్న మాంటిల్ మళ్లీ కరిగితే వచ్చే మాగ్మాలో అవి ఇంకా తక్కువ.

సముద్రాల నడుమ పలకలు విడిపోయేచోట పుట్టే బసాల్ట్ ఇలాంటి పలచటి మాగ్మా నుంచి వస్తుంది. హవాయి లాంటి దీవుల్లో లోతు నుంచి వేడి మాంటిల్ పైకెగసి కొద్దిగా కరుగుతుంది. అక్కడి బసాల్ట్‌లో ఈ మూలకాలు దండిగా ఉంటాయి. సన్, మెక్‌డొనో అనే శాస్త్రవేత్తలు 1989లో ప్రచురించిన సగటులు ఇప్పటికీ అందరూ వాడే కొలబద్ద. వాటి ప్రకారం నడిసముద్రపు బసాల్ట్‌లో నియోబియం పది లక్షలకు 2.33 పాళ్లు. దీవుల బసాల్ట్‌లో 48 పాళ్లు. ఇరవై రెట్ల తేడా.

మూడో రకం, ఒక పలక ఇంకో పలక కిందికి దిగేచోట పుట్టే మాగ్మా. అండమాన్ సముద్రంలోని బారెన్ ఐలాండ్ అగ్నిపర్వతం ఇలాంటిదే. దిగిపోయే పలక నుంచి నీళ్లు, కరిగిన ఒండ్రు పైనున్న మాంటిల్‌లోకి ఎక్కుతాయి. వాటితోపాటు బేరియం, సీసం, థోరియం వస్తాయి. నియోబియం, టాంటలం మాత్రం రూటైల్ లాంటి ఖనిజాలను పట్టుకుని కిందే ఉండిపోతాయి. అందుకే ఈ మాగ్మాలో థోరియం ఎక్కువ, నియోబియం తక్కువ. మూలకాలను వరసగా గీతగా గీస్తే నియోబియం దగ్గర లోతైన గుంట పడుతుంది. పలక దిగిన చోటుకు ఆ గుంటే గుర్తు అని పాఠ్యపుస్తకాలు నేర్పుతాయి.

కరగడం ఎంత లోతులో జరిగిందో చెప్పే గుర్తు కూడా ఉంది. సుమారు 80 కిలోమీటర్ల కింద మాంటిల్‌లో గార్నెట్ ఉంటుంది. ఇటర్బియం లాంటి బరువైన విరళ మృత్తిక మూలకాలను అది వదలదు. అందువల్ల గాడోలినియంను ఇటర్బియంతో భాగిస్తే వచ్చే అంకె లోతు నుంచి వచ్చిన మాగ్మాలో పెద్దదిగా ఉంటుంది. నడిసముద్రపు బసాల్ట్‌లో అది 1.2, దీవుల బసాల్ట్‌లో 3.5.

సుత్తి నుంచి యంత్రం దాకా

అంకె ఎంత నమ్మదగిందన్నది నమూనా తీసిన చేతిలో ఉంది. డైకు పైచర్మం ఎప్పుడూ ఎర్రగా, పసుపుగా మాగి ఉంటుంది. దాన్ని సుత్తితో కొట్టి తీసేసి, లోపలి పచ్చి నల్లరాయి దొరికేదాకా పోవాలి. తెల్లటి క్వార్ట్జ్ ఈనెలు, కాల్సైట్ గీతలు ఉన్న ముక్క పనికిరాదు. పక్క రాతిని ఆనుకున్న అంచు నుంచి ఒకటి, నడిమి నుంచి ఒకటి విడివిడిగా తీయాలి. పక్కరాయి ముక్క కూడా తీసుకోవాలి. ఈ చివరిదాన్ని చాలామంది మరచిపోతారు. దాని విలువ ముందు ముందు తెలుస్తుంది.

తర్వాత రాయిని చిన్న ముక్కలు చేసి మెత్తగా నూరతారు. నూరే పాత్ర టంగ్‌స్టన్ కార్బైడ్‌దైతే అందులోంచి టంగ్‌స్టన్, కోబాల్ట్, టాంటలం పొడిలో కలుస్తాయి. మనకు కావలసిన మూలకాల్లో టాంటలం ఒకటి. అందుకే అగేట్ పాత్రలో నూరతారు. కొంత పొడిని సుమారు 1000 డిగ్రీల దాకా కాల్చి బరువు ఎంత తగ్గిందో చూస్తారు. ఎక్కువ తగ్గితే రాయిలోకి తర్వాతి కాలంలో నీళ్లు దిగి ఖనిజాలు మారాయని అర్థం. సిలికా, ఇనుము, మెగ్నీషియం లాంటి పెద్ద పాళ్లను ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్‌తో కొలుస్తారు. పది లక్షల్లో ఒకటి రెండు పాళ్లుండే మూలకాలకు ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. ప్రతి విడతలోనూ హవాయి బసాల్ట్‌తో చేసిన బీహెచ్‌వీఓ లాంటి ప్రామాణిక పొడిని కూడా కొలుస్తారు. దాని అంకెలు లోకమంతటికీ తెలిసినవే కనుక యంత్రం తప్పితే అక్కడే పట్టుబడుతుంది.

వచ్చిన అంకెలన్నీ ఒకే రకం కాదు. సోడియం, పొటాషియం, రుబీడియం, బేరియం నీటితో కదిలిపోతాయి. వందల కోట్ల ఏళ్లు నేలలో ఉన్న రాతిలో వాటిని పూర్తిగా నమ్మలేం. టైటానియం, జిర్కోనియం, ఇట్రియం, నియోబియం, బరువైన విరళ మృత్తికలు అంత సులభంగా కదలవు. ఈ ఆలోచన మీదే 1973లో జూలియన్ పియర్స్, జాన్సన్ కాన్ తమ ప్రసిద్ధ పటాలు గీశారు. టైటానియం, జిర్కోనియం, ఇట్రియం పాళ్లను త్రికోణంలో చుక్కగా పెడితే అది ఏ పరిస్థితిలో పుట్టిన బసాల్టో తెలుస్తుందన్నారు. ప్రాచీన శిలల అధ్యయనాన్ని అది మార్చేసింది. కానీ ఆ పటాలు గీసింది ఇవాళ పుట్టుక తెలిసిన కొత్త బసాల్ట్‌లతో. పాత ఖండాన్ని చీల్చుకుని వచ్చిన డైకులను వాటి మీద పెడితేనే చిక్కు మొదలవుతుంది.

పదో వంతు చేసే మాయ

చిక్కు ఏమిటో చిన్న లెక్కతో చూద్దాం. నడిసముద్రపు బసాల్ట్ సగటులో థోరియం 0.12, నియోబియం 2.33. భాగిస్తే 0.05. ఖండాల పైపొర సగటులో థోరియం 10.5, నియోబియం 12. భాగిస్తే 0.88. ఇప్పుడు బసాల్ట్ మాగ్మా ఖండపు పొరలోంచి పైకి వస్తూ తొమ్మిది పాళ్లకు ఒక పాలు ఆ రాతిని కరిగించి కలుపుకుందనుకోండి. కొత్త మిశ్రమంలో థోరియం 1.16, నియోబియం 3.30. నిష్పత్తి 0.35. ఒక్క పదో వంతు కలిస్తే నిష్పత్తి ఏడు రెట్లు పెరిగింది. నియోబియంను లాంథనంతో భాగించి చూసినా 0.93 కాస్తా 0.62కు పడిపోయింది.

అంటే నియోబియం దగ్గర గుంట పడింది. పటం మీద చుక్క పలక దిగిన చోటు పుట్టిన బసాల్ట్‌ల మధ్యకు జరిగింది. ఏ పలకా దిగలేదు. మాగ్మా దారిలో కొంత గ్రానైట్ కలుపుకుంది, అంతే. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట ఎప్పుడో ఒక పలక దిగినప్పుడు ఖండం అడుగున ఉన్న మాంటిల్ ఆ గుర్తును దాచుకుని, తర్వాత ఎప్పుడో ఖండం చీలినప్పుడు కరిగి దాన్ని బయటపెట్టినా ఫలితం ఇదే.

ఈ చిక్కును విడదీయడానికే పక్కరాయి ముక్క కావాలి. కలిసింది ఆ రాయే అయితే డైకు అంచు నుంచి నడిమికి నిష్పత్తి మారాలి. సిలికా పెరిగేకొద్దీ నియోబియం గుంట లోతవ్వాలి. నియోడిమియం ఐసోటోపులు కూడా పాత ఖండం వైపు జరగాలి. సిలికాతో నిమిత్తం లేకుండా గుంట అన్ని డైకుల్లో ఒకేలా ఉంటే, ఆ గుర్తు మాంటిల్‌లోనే ఉందని చెప్పవచ్చు. 2008లో పియర్స్ థోరియం, నియోబియంలను ఇటర్బియంతో భాగించి గీసిన పటాలు ఈ తేడాను చూడటానికి బాగా ఉపయోగపడతాయి. అయినా పటం ఇచ్చేది అనుమానం. దాన్ని తేల్చుకోవడానికి మళ్లీ పొలంలోకి వెళ్లాల్సిందే.

ధార్వాడ్ విసనకర్ర

ఈ పద్ధతి సరిగ్గా పనిచేసిన చోటు తెలంగాణ, రాయలసీమ, కర్ణాటకలను కలుపుకునే తూర్పు ధార్వాడ్ ఖండం. ఇక్కడి గ్రానైట్‌లు ఎక్కువగా 250 కోట్ల ఏళ్ల నాటివి. వాటిని కోసుకుంటూ ఎన్నో తరాల డైకులు ఉన్నాయి. పూర్వం వాటిని దిశను బట్టి గుంపులుగా చేసేవారు. బాడెలియైట్ అనే చిన్న జిర్కోనియం ఆక్సైడ్ ఖనిజంలోని యురేనియం, సీసాలతో వయసు కట్టడం మొదలయ్యాక కథ మారింది. డోలరైట్ మాగ్మా చల్లారేటప్పుడే ఈ గింజలు పుడతాయి కనుక వాటి వయసే డైకు వయసు.

2007లో హెన్రీ హాల్స్ బృందం బెంగళూరు ప్రాంతపు డైకుల వయసు సుమారు 237 కోట్ల ఏళ్లని చూపింది. 2012లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థకు చెందిన అనిల్ కుమార్, హామిల్టన్, హాల్స్‌తో కలిసి దూరదూరంగా ఉన్న డైకుల వయసులను పక్కపక్కన పెట్టి చూశారు. తేడా కోటి ఏళ్లలోపే. దిశలు మాత్రం ఒకటి కావు. అన్నిటినీ పటం మీద పెడితే పడమర వైపు ఒకచోట కలుస్తూ, తూర్పుకు విచ్చుకునే విసనకర్ర తేలింది. అలాంటి ఆకారం, అంత తక్కువ కాలంలో అంత మాగ్మా, లోతు నుంచి వేడి మాంటిల్ ఖండం అడుగుకు వచ్చి తాకినప్పుడు ఏర్పడుతుంది.

రసాయనం ఒక్కటే చూసి ఉంటే ఏం జరిగేది? ఈ ఖండంలోని చాలా డైకుల్లో నియోబియం గుంట ఉంది. పటాన్ని నమ్మినవాళ్లు ఇక్కడ పలక దిగిందని రాసేవారు. ఖండం గట్టిపడిన తర్వాత, దాని నడిబొడ్డున, వందల కిలోమీటర్ల పొడవున తిన్నగా పడిన డైకులకు ఆ కథ సరిపోదు. ఖండం అడుగు మాంటిల్‌లో దాగిన పాత గుర్తునో, దారిలో కలిసిన గ్రానైట్‌నో ఆ గుంట చూపుతోందని చెప్పడమే సబబు.

కడప బేసిన్‌లో పులివెందుల దగ్గరి సిల్ ఇలాంటి ఇంకో పాఠం. 2008లో ఫ్రెంచ్, హీమన్, చాకో, శ్రీవాస్తవ దాని వయసును 188.5 కోట్ల ఏళ్లుగా కట్టారు. దక్షిణ బస్తర్‌లోని డైకుల వయసు 189.1, 188.3 కోట్లు. వందల కిలోమీటర్ల దూరంలో, వేరే రాష్ట్రంలో ఉన్న రాళ్లు ఒకే సంఘటనలో పుట్టాయని తేలింది. కడప బేసిన్ నేల సాగి కుంగుతున్న కాలానికి ఆ సంఘటన ముడిపడింది. అంకెలు సరిపోలితే సరిహద్దులు అడ్డుకావు.

కండ్ర, ఎల్చూరు: చీలిక, ఢీ

తీరం వైపు వస్తే కథ మారుతుంది. ఉమ్మడి నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతంలోని కండ్ర దగ్గర నల్లరాళ్ల వరస ఒకటి ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. లీలానందం 1990లో ఇది పాత సముద్రపు నేల ముక్క కావచ్చని సూచించారు. 2010లో కె. విజయకుమార్, లీలానందం, వారి సహచరులు దాని వయసు 185 కోట్ల ఏళ్లని, అది నిజంగా ఒఫియోలైట్ అని ప్రచురించారు. సముద్రపు పలక ముక్క నేల మీదికి నెట్టుకుని వస్తే దాన్ని ఒఫియోలైట్ అంటారు.

ఇక్కడ డైకులు చెప్పే కథ ధార్వాడ్ కథకు భిన్నం. గ్రానైట్‌ను కోసే ఒంటరి డైకులు కావివి. డైకు పక్కన డైకు, వాటి మధ్య వేరే రాయి దాదాపు లేకుండా ఒరుసుకుని నిలబడ్డవి. సముద్రపు నేల నిరంతరం చీలుతూ, ప్రతి చీలికలో మాగ్మా నిండుతూ ఉంటేనే ఇలా అవుతుంది. వాటి పైన నీటిలో పొంగి గడ్డకట్టిన దిండ్లలాంటి బసాల్ట్, కింద గాబ్రో ఉన్నాయి. రసాయనంలో నియోబియం గుంట ఉంది. ఖండపు రాయి లేని చోట ఆ గుంటకు గ్రానైట్‌ను కారణంగా చూపలేం. కనుక పలక దిగే చోటు పైన తెరుచుకున్న సముద్రం అన్న అర్థం నిలబడింది. ధార్వాడ్‌లో మోసం చేసిన అదే గుర్తు కండ్రలో నిజం చెప్పింది. తేడా అంతా చుట్టూ ఉన్న రాళ్లలో ఉంది.

ఇంకొంచెం ఉత్తరాన, ప్రకాశం ప్రాంతంలో ఎల్చూరు, ఉప్పలపాడు, పురిమెట్ల దగ్గర నెఫెలీన్ సైనైట్‌లు, వాటిని కోసే లాంప్రోఫైర్ డైకులు ఉన్నాయి. సోడియం, పొటాషియం దండిగా ఉండి సిలికా తక్కువగా ఉన్న ఇలాంటి రాళ్లు ఎక్కువగా ఖండం చీలేచోట పుడతాయి. లీలానందం, కెవిన్ బర్క్, ఆష్‌వల్, వెబ్ 2006లో ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. ఇలాంటి రాళ్లు నలిగి, సాగి కనిపిస్తే అక్కడ ముందు ఖండం చీలి సముద్రం ఏర్పడి, తర్వాత అదే సముద్రం మూసుకుపోయి ఖండాలు ఢీకొన్నాయని అర్థం చేసుకోవాలన్నారు. పుట్టుక చెప్పేది రసాయనం, తర్వాతి కథ చెప్పేది నలుగుడు. రెండూ కలిస్తేనే తూర్పు కనుమల పడమటి అంచు ఒక పాత అతుకు అని తెలిసింది.

శ్రీకాకుళం కొండల్లో ఎందుకు కష్టం

మళ్లీ టెక్కలి కొండలకు వద్దాం. ఇక్కడి చార్నకైట్‌లు, ఖోండలైట్‌లు, గార్నెట్ నిండిన లేత రాళ్లు సుమారు 100 కోట్ల నుంచి 90 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల పాతిక ముప్పై కిలోమీటర్ల లోతులో ఉడికాయి. అరకు, పాడేరు, అనకాపల్లి ప్రాంతాల రాళ్లలోని ఖనిజాలు 900 డిగ్రీలు దాటిన వేడిని చూపుతాయి. ఆ వేడికి రాయి పాక్షికంగా కరుగుతుంది. అందులో అంతకుముందే ఉన్న డైకు డైకుగా మిగలదు. సన్నటి అంచు, ముతక నడుమ అన్న తేడా చెరిగిపోతుంది. కొత్త పైరాక్సిన్‌లు, కొన్నిసార్లు గార్నెట్లు పెరుగుతాయి. చుట్టూ రాయి సాగితే అదీ సాగి తెగుతుంది. తూర్పు కనుమల్లో కనిపించే నల్లటి పట్టీలు చాలావరకు ఇలా మారిన మాఫిక్ గ్రాన్యులైట్‌లు.

అవి డైకులే అయి ఉండనక్కరలేదు కూడా. ఖోండలైట్ పూర్వం బంకమట్టి ఒండ్రు. ఆ ఒండ్రు మీద పారిన లావా కూడా ఇవాళ నల్ల పట్టీగానే కనిపిస్తుంది. కరిగిన భాగం వెళ్లిపోగా మిగిలిన నల్ల మడ్డి కూడా కావచ్చు. పట్టీ పాత పొరను ఎక్కడైనా అడ్డంగా కోసిందా అని చూడటమే మొదటి పని. అలా కోసిన ఒక్క చోటు దొరికితే చాలు, ఎన్ని అంకెలకూ రాని నమ్మకం వస్తుంది.

రసాయనం సంగతి ఇక్కడ ఇంకా జటిలం. ఇంత వేడిలో రుబీడియం, యురేనియం, థోరియం రాతిని వదిలి కరిగిన ద్రవంతో వెళ్లిపోవచ్చు. అంటే అందరూ మొదట చూసే థోరియం, నియోబియం నిష్పత్తినే ఇక్కడ అన్నిటికన్నా తక్కువ నమ్మాలి. టైటానియం, జిర్కోనియం, నియోబియం, ఇట్రియం, బరువైన విరళ మృత్తికలు కొంత మెరుగు. వాటిలో కూడా ఒకదానితో ఒకటి పొత్తుగా పెరుగుతూ తరుగుతూ ఉన్నవాటినే నమ్మాలి. పుట్టినప్పటి పొత్తు చెదిరి చుక్కలు చెల్లాచెదురైతే, ఆ రాయి జ్ఞాపకం పోయిందని ఒప్పుకోవాలి.

వయసు కూడా మోసం చేస్తుంది. వేడిలో సిలికా తగిలిన బాడెలియైట్ జిర్కాన్‌గా మారిపోతుంది. ఆ జిర్కాన్‌కు వయసు కడితే దాదాపు 100 కోట్ల ఏళ్లు వస్తుంది. అది రాయి ఉడికిన రోజు. మాగ్మా పగులులోకి వచ్చిన రోజు అంతకుముందెప్పుడో.

ఈ చిక్కుకు దారి చూపే సోదర ప్రాంతం ఒకటి సముద్రానికి ఆవల ఉంది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయేదాకా మన తూర్పు తీరం తూర్పు అంటార్కిటికాను అంటిపెట్టుకుని ఉండేది. అక్కడి రేనర్ ప్రాంతపు రాళ్లకు తూర్పు కనుమల రాళ్లకు వయసులో, వేడిలో దగ్గరి పోలిక ఉంది. రేనర్ పక్కనే ఇంకా పాతదైన నేపియర్ ప్రాంతం. నేపియర్‌ను అమండ్‌సెన్ డైకులు అనే నల్ల డైకులు కోసుకుని వెళ్లాయి. నేపియర్‌లో అవి పుట్టినప్పటి రూపంలోనే ఉన్నాయి. రేనర్‌లో ఉన్న డైకులు మాత్రం ఉడికి, నలిగి పట్టీలయ్యాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ తేడాతోనే రెండు ప్రాంతాల మధ్య గీత గీశారు. అక్కడ డైకులు రసాయనంతో కన్నా తమ ఒంటి మీది గాయాలతో ఎక్కువ చెప్పాయి.

అదే సూత్రం టెక్కలికీ వర్తిస్తుంది. నల్ల పట్టీ సాగి, తెగి, గార్నెట్లతో ఉంటే అది 100 కోట్ల ఏళ్ల నాటి ఉడుకుకు ముందుదో, ఆ సమయానిదో. ఎక్కడైనా చారలన్నిటినీ తిన్నగా కోసుకుని, సన్నటి అంచుతో, గార్నెట్ లేకుండా ఒక నల్ల డైకు కనిపిస్తే, అది కొండలు చల్లబడ్డాక వచ్చినది. ఆ రెండో రకం నుంచే బాడెలియైట్ వయసు, చెదరని రసాయనం ఆశించవచ్చు. అంటార్కిటికా నుంచి విడిపోయిన కాలపు గుర్తు దొరకాలంటే అలాంటి దాన్నే వెతకాలి.

క్వారీ ముఖం రోజూ మారిపోతుంది

పచ్చి రాయి బయటపడేది క్వారీలోనే. మామూలు కొండ మీద పొదలు, మన్ను, మాగిన చర్మం కింద దాగినది డైమండ్ వైర్ కోసిన ముఖం మీద నిలువెత్తున శుభ్రంగా కనిపిస్తుంది. పట్టీ పొరను కోసిందా, పొరతోపాటు వంగిందా అన్నది అక్కడ ఒక్క చూపులో తేలుతుంది. కానీ ఆ ముఖం కొద్ది రోజులే. బ్లాకు విడగొట్టి లారీ ఎక్కిస్తే దిశ పోయింది. పాలిష్ పట్టి ఇంటి గచ్చుకు వేస్తే ఎక్కడిదో కూడా తెలియదు. దిశ తెలియని రాయికి ఎంత ఖరీదైన యంత్రంలో కొలత తీసినా సగం విలువే.

అందుకే పని చాలా చిన్నది, ఇప్పుడే మొదలుపెట్టదగ్గది. కోత ముఖాన్ని కొలత కర్రతో ఫొటో తీయడం, జీపీఎస్ గుర్తు, దిక్సూచితో పట్టీ దిశ, వాలు రాయడం, పిడికెడు నల్లరాయి, పక్కనే పిడికెడు లేత రాయి సంచిలో వేసి పేరు రాయడం. జిల్లా కళాశాలల విద్యార్థులు, ఆంధ్ర విశ్వవిద్యాలయం జియాలజీ విభాగం, క్వారీ యజమానులు చేయి కలిపితే ఇందుకు పెద్ద ఖర్చు ఉండదు. కొలతలు తర్వాతైనా తీయవచ్చు. ధార్వాడ్ విసనకర్ర బయటపడటంలో ఇలా ఓపికగా రాసుకున్న దిశలకూ వాటా ఉంది. కండ్ర రాళ్ల మీద 1990లో వచ్చిన ఊహ 2010లో రుజువైంది. మధ్య ఇరవై ఏళ్లు అక్కడి రాయి కదలకుండా ఉంది. టెక్కలి క్వారీ ముఖానికి అంత గడువు లేదు.